ఎర్ర బటన్ నొక్కే ముందు: ఆర్డోర్‌లో రికార్డింగ్ పద్ధతులు, గడియారాల అమరిక

గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్న కోనసీమలోనూ, వసిష్ఠ దాటాక వచ్చే నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలోనూ పద్యం ఎత్తుకోగల గొంతు లేని ఊరు అరుదు. శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి గానం ప్రపంచమంతటా రికార్డులలో నిలిచింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో హరికథలు చెప్పినవారు, నాటకాలలో పద్యాలు పాడినవారు ఎందరో ఉన్నా వారిలో చాలామంది గొంతులు ఎక్కడా పడలేదు. ఇప్పుడు ఒక లాప్‌టాప్, రెండు మైకులు, మైకులను లాప్‌టాప్‌కు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ ఉంటే ఆ పని ఇంటి హాలులోనే చేయవచ్చు కనుక, ఆ పనికి పూనుకున్నవారి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నేను వాడేది పాల్ డేవిస్ మొదలుపెట్టిన ఆర్డోర్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. 2020లో వచ్చిన 6వ వెర్షన్, ఆ తరువాతి వెర్షన్లను దృష్టిలో పెట్టుకొని చెబుతున్నాను. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవారికి బటన్ల పేర్లు మారతాయి కాని అసలు విషయం మారదు.

రికార్డింగ్ మొదలయ్యే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. అదే చోట ఇంతకుముందు పాడిన పాట ఉంటే, కొత్తది పడినప్పుడు పాతదానికి ఏమి కావాలి? రేపు ఆ చోటికి తిరిగి వెళ్లవలసి వస్తే దాన్ని ఏ కొలతతో వెతుక్కుంటాము? మొదటిదానికి సమాధానం రికార్డింగ్ పద్ధతిలో, రెండోదానికి సమాధానం గడియారంలో ఉంటుంది. ఈ రెండూ తేల్చకుండా ఎర్ర బటన్ నొక్కినవారు తరువాత పడే అవస్థ అంతా ఎడిటింగ్ బల్ల దగ్గరే తెలుస్తుంది.

కొత్తవారు మొదట తికమక పడేది ఎర్ర బటన్లు రెండు ఉండడం వల్ల. ఒకటి ప్రతి ట్రాక్ (ఒక్కో శబ్దం పడే వరుస) మీదా ఉంటుంది, అది ఆ ట్రాక్‌ను రికార్డింగ్‌కు సిద్ధం చేస్తుంది. రెండోది పైన ప్లే వంటి బటన్లు ఉండే ట్రాన్స్‌పోర్ట్ పట్టీలో ఉంటుంది, అది మొత్తం సెషన్‌ను, అంటే ట్రాకులన్నీ కలిసిన పనిని సిద్ధం చేస్తుంది. ఈ రెండూ నొక్కినా రికార్డింగ్ మొదలు కాదు. ప్లే నొక్కి ప్లేహెడ్ (తెర మీద ప్రస్తుత చోటును చూపే నిలువు గీత) కదిలినప్పుడే శబ్దం డిస్కు మీదికి చేరుతుంది. పెద్దవారిని కూర్చోబెట్టి పాడించేటప్పుడు ట్రాక్‌ను ముందే సిద్ధం చేసి, స్థాయి చూసుకొని, వారు గొంతు సవరించుకుంటున్నప్పుడే ప్లే నొక్కడం మేలు. ముందు వచ్చిన అనవసరపు భాగాన్ని తరువాత కత్తిరించుకోవచ్చు కాని, పడని మొదటి అక్షరాన్ని ఎవరూ తెచ్చి ఇవ్వలేరు.

పాత టేకు ఏమవుతుంది

ట్రాన్స్‌పోర్ట్ పట్టీలో పంచ్ బటన్ల (మధ్యలో కొంత భాగాన్నే మళ్లీ రికార్డు చేయడానికి వాడేవి, వాటి సంగతి కింద చెబుతాను) పక్కన రికార్డింగ్ పద్ధతిని ఎంచుకునే చిన్న జాబితా ఉంటుంది. అందులో లేయర్డ్, నాన్-లేయర్డ్, సౌండ్ ఆన్ సౌండ్ అని మూడు ఉంటాయి.

లేయర్డ్ పద్ధతిలో కొత్త టేకు (ఒకసారి పాడి రికార్డు చేసినది) పాతదాని మీద పొరగా వచ్చి కూర్చుంటుంది. వినేటప్పుడు పైపొర మాత్రమే వినిపిస్తుంది, కిందిది చెక్కుచెదరకుండా ఉంటుంది. ఒక చరణాన్ని హరిదాసు గారు మూడు సార్లు పాడారనుకోండి. మూడు టేకులూ ఒకే ట్రాక్‌లో ఒకదానిపై ఒకటి ఉంటాయి. ట్రాక్ పేరు మీద కుడి క్లిక్ చేసి, పొరలను ఒకదాని కింద ఒకటి పేర్చి చూపే అమరికను ఎంచుకుంటే మూడూ విడివిడిగా కనిపిస్తాయి. మొదటి టేకులో ఎత్తుగడ బాగుండి, మూడో టేకులో ముగింపు బాగుంటే, పై టేకు అంచును మౌసుతో పట్టుకొని వెనక్కి లాగితే కింది టేకు ఆ మేరకు బయటపడి వినిపిస్తుంది. కోత ఎక్కడ పడాలన్నది అక్షరం మధ్యలో కాకుండా, ఊపిరి తీసుకునే చోట చూసుకోవాలి. నా మాటగా చెప్పాలంటే, మనుషుల గొంతులు రికార్డు చేసేవారు ఎప్పుడూ ఈ పద్ధతిలోనే ఉండాలి. డిస్కు మీద చోటు చవక, ఆ మనిషి ఆ రోజు పాడిన పాట చవక కాదు.

నాన్-లేయర్డ్ పద్ధతిలో కొత్త టేకు పడినంత మేర పాత టేకు ట్రాక్ నుంచి తొలగిపోతుంది. క్యాసెట్ మీద మళ్లీ రికార్డు చేసిన రోజులు గుర్తున్నవారికి ఇది సహజంగా తోస్తుంది. అయితే క్యాసెట్‌కు, దీనికి ముఖ్యమైన తేడా ఉంది. ఇక్కడ పాత శబ్దం ఫైలుగా డిస్కు మీద అలాగే ఉంటుంది, ట్రాక్‌లో కనిపించే ముక్క మాత్రమే పోతుంది. అన్‌డూ చేస్తే అది తిరిగి వస్తుంది. పాఠం చదివి వినిపించేవారికి, అంటే తప్పు చదివిన వాక్యాన్ని వెంటనే మళ్లీ చదివి ముందుకు సాగేవారికి ఈ పద్ధతి అనుకూలం. పనికిరాని పొరలు పేరుకుపోవు.

సౌండ్ ఆన్ సౌండ్ పద్ధతిలో కొత్త టేకు పారదర్శకంగా పడుతుంది, కనుక పాతది, కొత్తది కలిసి వినిపిస్తాయి. భజనలో పల్లవిని పదిమంది అందుకున్నట్టు వినిపించాలి, కాని ఇంట్లో ఉన్నది ముగ్గురే అయితే, అదే ట్రాక్ మీద ఆ ముగ్గురి చేత మూడు సార్లు పాడించవచ్చు. ఇందులో ఒక జాగ్రత్త అవసరం. సమాన స్థాయిలో ఉన్న రెండు వేర్వేరు టేకులు కలిస్తే మొత్తం స్థాయి సుమారు 3 డెసిబెల్స్ పెరుగుతుంది, నాలుగు కలిస్తే సుమారు 6 పెరుగుతుంది. మొదటి టేకునే స్థాయి చూపే మీటరు పైఅంచుకు తగిలేలా రికార్డు చేస్తే మూడో టేకు కలిసేసరికి శబ్దం చిట్లుతుంది. కోరస్ తప్ప వేరే అవసరాలకు, అంటే తంబూరకు, కరతాళాలకు, వేరే ట్రాకులే తీసుకోవడం మంచిది. అప్పుడు ఒక్కోదాని స్థాయిని తేలికగా విడిగా సరిచేసుకోవచ్చు.

వేరే సాఫ్ట్‌వేర్‌కు మారేవారు ఒక్క మాట గుర్తుంచుకోవాలి. ప్రో టూల్స్‌లో డిస్ట్రక్టివ్ అనే పద్ధతి ఉంది. అది పాత ఫైలు మీదనే కొత్త శబ్దాన్ని రాస్తుంది, అన్‌డూ చేసినా పాతది రాదు. పైకి నాన్-లేయర్డ్‌కు దగ్గరగా తోచినా పని వేరు.

పంచ్: మధ్యలో ఒక్క చరణమే మార్చాలంటే

గంటసేపు సాగిన కథలో ఒక్క చరణం దగ్గర గొంతు జీరపోయిందనుకుందాము. మొత్తం మళ్లీ పాడించనక్కరలేదు. ఆ చరణం ఉన్న మేర రేంజ్ సాధనంతో ఎంచుకొని, ఆ భాగాన్ని పంచ్ పరిధిగా మార్చి, పంచ్ దగ్గరున్న ఇన్, అవుట్ బటన్లను వెలిగించాలి. ఆ తరువాత ప్లేహెడ్‌ను కొంత వెనక్కి తీసుకెళ్లి, రికార్డింగ్‌కు సిద్ధం చేసి ప్లే నొక్కితే, గాయకుడు పాత పాట వింటూ శ్రుతిలోకి, నడకలోకి వస్తాడు. ప్లేహెడ్ పంచ్-ఇన్ గీతను తాకగానే రికార్డింగ్ దానంతట అదే మొదలై, పంచ్-అవుట్ దగ్గర దానంతట అదే ఆగుతుంది. ప్లేహెడ్ మాత్రం ముందుకు సాగుతూనే ఉంటుంది.

వెనక్కి ఎంత వెళ్లాలన్నది పాటను బట్టి ఉంటుంది. తాళం ఉన్న పాటకు రెండు ఆవర్తనాలు (తాళపు పూర్తి చుట్లు) సరిపోతాయి. పద్యానికైతే ముందు పాదమంతా వినిపించాలి, ఎందుకంటే రాగాలాపన ఏ స్వరం మీద ఆగిందో చెవికి తెలిస్తేనే తరువాతి ఎత్తుగడ అతుకుతుంది. పంచ్-ఇన్ గీతను మొదటి అక్షరం మీద పెట్టకండి. పాడేవారు అక్షరానికి ముందు ఊపిరి తీసుకుంటారు. ఆ ఊపిరి కొత్త టేకులో పడకపోతే అతుకు దగ్గర గొంతు గాలిలోంచి ఊడిపడినట్టు ఉంటుంది. కీర్తనల్లో ఎత్తుగడ సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద కాకుండా దాని తరువాత వచ్చే సందర్భాలు ఎక్కువ కనుక, గీతను సమం దగ్గరో, ఇంకా కొంచెం ముందో పెట్టడం క్షేమం.

పంచ్ బటన్లను పని అయిన వెంటనే ఆర్పివేయాలి. ఈ మాట నేను ఒక అనుభవం వల్ల నొక్కి చెబుతున్నాను. రాజోలు దగ్గర ఒక ఇంట్లో వయసు మళ్లిన హరిదాసు గారి కథను రికార్డు చేస్తున్నాము. వానాకాలం, కప్పల చప్పుడు లోపలికి రాకుండా కిటికీలు మూసి, ఫ్యాను కూడా ఆపి కూర్చున్నాము. కథ మధ్యలో, 17వ నిమిషం దగ్గర ఒక పాదాన్ని పంచ్ చేసి సరిదిద్దాము. ఆ తరువాత ప్లేహెడ్‌ను 42వ నిమిషానికి తెచ్చి మంగళం పాడించాము. ఆయన కళ్లు మూసుకొని పాడారు. మీటరు ఎగురుతోంది, గడియారం తిరుగుతోంది. పాట అయ్యాక ఆయన, "అంతా పడిందాండీ?" అని అడిగారు. "ఆయ్, పడిందండి" అని చెప్పి తెర వైపు చూస్తే ట్రాక్ మీద ఒక్క గీత కూడా లేదు. పంచ్-ఇన్ వెలిగే ఉంది. ప్లేహెడ్ ఆ గీతను దాటి ఎంతో ముందుకు వెళ్లిపోయింది కనుక రికార్డింగ్ మొదలయ్యే అవకాశమే లేదు. జరిగింది చెప్పి క్షమించమని అడిగితే, ఆయన చెమట తుడుచుకొని మళ్లీ పాడారు. రెండోసారి కూడా బాగానే పాడారు, కాని మొదటిసారి పాడినది ఇక లేదు.

అప్పటి నుంచి నేను మీటరును నమ్మడం మానేశాను. మైకులోంచి శబ్దం వస్తున్నదని మాత్రమే మీటరు చెబుతుంది, అది డిస్కుకు చేరుతున్నదని చెప్పదు. ఆర్డోర్‌లో విండో మెనూ నుంచి తెరవదగిన పెద్ద గడియారం ఒకటి ఉంది. నిజంగా రికార్డింగ్ జరుగుతున్నప్పుడు దాని అంకెల రంగు మారుతుంది. దాన్ని తెర మీద ఒక మూల ఎప్పుడూ తెరిచి ఉంచి, పాట మొదలైన మొదటి రెండు సెకన్లలోనే ఆ రంగును చూసుకోండి.

గడియారాలు: ఒకే చోటుకు నాలుగు పేర్లు

ట్రాన్స్‌పోర్ట్ పట్టీలో ప్రధాన గడియారం, దాని పక్కన రెండో గడియారం ఉంటాయి. రెండోది కనిపించకపోతే ప్రిఫరెన్సెస్‌లో టూల్‌బార్‌కు సంబంధించిన అమరికలలో వెలిగించుకోవచ్చు. దేని మీదనైనా కుడి క్లిక్ చేస్తే టైమ్‌కోడ్ (గంటలు, నిమిషాలు, సెకన్లు, వీడియో ఫ్రేములు), బార్లు-బీట్లు (తాళపు చుట్లు, దెబ్బలు), నిమిషాలు-సెకన్లు, శాంపిళ్లు (శబ్దాన్ని సెకనుకు వేలసార్లు కొలిచి రాసే అంకెలు) వంటి కొలతలు వస్తాయి. రెండు గడియారాలకు రెండు వేర్వేరు కొలతలు పెట్టుకోవాలి. ఒకే కొలత రెండింటికీ పెడితే రెండోది ఉండి ప్రయోజనం లేదు. గడియారం మీద క్లిక్ చేసి అంకెలు కొట్టి ఎంటర్ నొక్కితే ప్లేహెడ్ ఆ చోటికి వెళుతుంది, ఎస్కేప్ నొక్కితే మార్పు రద్దవుతుంది.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాము. ఆది తాళంలో ఒక కీర్తన, నిమిషానికి 72 అక్షరాల (తాళపు లెక్కల) నడకలో, 48000 హెర్ట్జ్ (సెకనుకు 48000 శాంపిళ్లు) సెషన్‌లో, సరిగ్గా ప్రారంభం నుంచి మొదలవుతుందనుకోండి. తాళాన్ని 8/4గా పెట్టుకుంటే ఒక బార్ అంటే ఒక ఆవర్తనం. ఒక్కో అక్షరానికి పట్టే కాలం 60ని 72తో భాగిస్తే వచ్చే సెకన్లు, అంటే సరిగ్గా 40000 శాంపిళ్లు. పదహారు ఆవర్తనాలు పూర్తయి చరణం మొదలయ్యే చోట, బార్ల గడియారం 17వ బార్, 1వ బీట్, 0 టిక్ అని చూపుతుంది. నిమిషాల గడియారంలో అదే చోటు 1 నిమిషం 46.66 సెకన్లు. సెకనుకు 25 ఫ్రేముల టైమ్‌కోడ్‌లో అది 00:01:46:16. శాంపిళ్లలో 5120000. చోటు ఒక్కటే, పేర్లు నాలుగు. ఈ నాలుగింటిలో శాంపిళ్ల లెక్క శబ్దపు ఫైలుదే కనుక దానికి నడకతో పని లేదు. నడకను 72 నుంచి 76కు మార్చితే, రికార్డయిన గొంతు కదలకపోయినా బార్ల గడియారం ఆ చోటికి చూపే అంకె మారిపోతుంది. కాగితం మీద రాసుకునేటప్పుడు బార్ అంకె ఒక్కటే రాసుకున్నవారు ఇక్కడే దారి తప్పుతారు.

మిశ్రచాపుకు 7/8 పెట్టుకోవాలి. ఇక్కడ లెక్క తప్పేది నడక దగ్గర. ఏడు అక్షరాల ఆవర్తనానికి మూడున్నర సెకన్లు పడుతుంటే అక్షరానికి అర సెకను, నిమిషానికి 120 అక్షరాలు. కాని టెంపోను క్వార్టర్ నోట్లలో అడిగితే అక్కడ 120 కాకుండా 60 రాయాలి, ఎందుకంటే 7/8లో అక్షరం ఎయిత్ నోటుతో, అంటే క్వార్టర్ నోటులో సగంతో సమానం. 120 రాస్తే మెట్రోనోమ్ రెట్టింపు వేగంతో కొడుతుంది. అంతేకాక, మెట్రోనోమ్ మొదటి దెబ్బనే నొక్కి కొడుతుంది, మూడు, నాలుగుగా విరిచి చూపదు. కాబట్టి తాళం వేసేవారు ఒకరు గాయకుడి ఎదుట కూర్చోవడం మంచిది.

ఇంత చెప్పినా, మా ప్రాంతపు పాటల్లో చాలావాటికి బార్ల గడియారం వద్దనే నా అభిప్రాయం. నాటక పద్యానికి నడక అంటూ ఉండదు, రాగం సాగినంత సేపు సాగుతుంది. హరికథలో వచనం, పద్యం, కీర్తన ఒకదాని వెంట ఒకటి వస్తాయి, మృదంగం ఉన్న చోట కూడా నడక కథారసాన్ని బట్టి పెరుగుతుంది, తగ్గుతుంది. అరవై ఏళ్లుగా చిడతల మీద కథ చెప్పినవారి చెవిలో మెట్రోనోమ్ పెట్టి దాని వెంట పాడమనడం అన్యాయం. అలాంటి సెషన్‌లో మెట్రోనోమ్ ఆపి, ప్రధాన గడియారానికి నిమిషాలు-సెకన్లు, రెండోదానికి శాంపిళ్లు పెట్టండి. ప్రతి పద్యం ఎత్తుగడ దగ్గర ఒక మార్కర్ వేసి, దానికి పద్యం మొదటి మాటనే పేరుగా పెడితే వెతుకులాట ఉండదు.

వీడియోతో జతపరచవలసినప్పుడు టైమ్‌కోడ్ తప్పదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో డప్పుల శబ్దాన్ని విడిగా రికార్డు చేసి కెమెరా దృశ్యానికి అతకాలంటే, సెషన్ ప్రాపర్టీలలో ఫ్రేముల వేగాన్ని కెమెరా వేగానికి సమానంగా పెట్టాలి. 25 ఫ్రేములైతే 48000 హెర్ట్జ్‌లో ఫ్రేముకు 1920 శాంపిళ్లు, 24 అయితే 2000. 44100 హెర్ట్జ్‌లో 24 ఫ్రేముల లెక్క 1837.5 అని అరతో వస్తుంది. వీడియో పనికి 48000నే ఎంచుకోవడానికి ఇదొక కారణం. ఫోనుతో తీసిన దృశ్యంలో ఫ్రేముల వేగం మారుతూ ఉండవచ్చు కనుక, ముందు దాన్ని స్థిరమైన వేగానికి మార్చుకున్నాకే జతపరచండి.

గడియారాల దగ్గరే సింక్ ఎంచుకునే బటన్ ఒకటి ఉంటుంది. బయటి యంత్రం ఏదీ లేనప్పుడు అది ఇంటర్నల్‌గా ఉండాలి. పొరపాటున బయటి టైమ్‌కోడ్‌కు మారితే, ప్లే నొక్కినా ప్లేహెడ్ కదలదు. రాని సంకేతం కోసం సాఫ్ట్‌వేర్ ఎదురుచూస్తూ ఉంటుంది. ప్లే పనిచేయడం లేదని సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఆ బటన్‌ను ఒకసారి చూడండి.

కనిపించని గడియారం

తెర మీది గడియారాలు చోటును చూపుతాయి. కాలాన్ని నడిపే అసలు గడియారం ఇంటర్‌ఫేస్ లోపలి స్ఫటికంలో ఉంటుంది. ఏ రెండు యంత్రాల స్ఫటికాలూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. వేదిక మీది మైకులను లాప్‌టాప్‌లోనూ, హార్మోనియం దగ్గరి శబ్దాన్ని చేతిలో ఇమిడే రికార్డర్‌లోనూ తీసుకున్నారనుకోండి. రెండింటి వేగాల మధ్య పది లక్షలకు 50 పాళ్ల తేడా ఉంటే, గంటకు 8640 శాంపిళ్లు, అంటే 0.18 సెకను జారుతుంది. ఒక్క పాటలో ఇది తెలియదు. అయిదు గంటల నాటకం చివరికి వచ్చేసరికి హార్మోనియం గొంతుకు సుమారు ఒక సెకను దూరంలో ఉంటుంది. వీలైతే మైకులన్నీ ఒకే ఇంటర్‌ఫేస్‌కు చేర్చండి. రెండు ఇంటర్‌ఫేసులు తప్పనిసరైతే, ఒకదాన్ని నాయకుడిగా ఉంచి, గడియారపు సంకేతాన్ని మోసే వర్డ్ క్లాక్ తీగతో రెండోదాన్ని దానికి కట్టి, రెండోదాని క్లాక్ మూలాన్ని ఎక్స్‌టర్నల్ చేయాలి. రెండూ ఇంటర్నల్‌లోనే ఉంటే శబ్దంలో అక్కడక్కడా టిక్కుమనే చప్పుళ్లు వస్తాయి. ఈ వసతి లేని రికార్డర్ అయితే, నాటకం మొదట్లోనూ చివరా రెండు పరికరాలకూ వినిపించేలా గట్టిగా చప్పట్లు కొట్టించండి. ఆ రెండు గుర్తుల మధ్య నిడివిని పోల్చి తరువాత సరిచేసుకోవచ్చు.

రాత్రంతా సాగే పద్య నాటకానికి మరో చిక్కు ఉంది. సాధారణ వేవ్ ఫైలు 4 గిగాబైట్లకు మించి పెరగలేదు. 48000 హెర్ట్జ్‌లో 32 బిట్ల ఫ్లోట్‌తో ఒక్కో మైకు సెకనుకు 192000 బైట్లు తీసుకుంటుంది, కనుక ఆ హద్దు సుమారు 6 గంటల 12 నిమిషాలకు వస్తుంది. రాత్రి పదికి తెర లేచి తెల్లవారుజామున అయిదుకు దిగే నాటకం ఆ హద్దును దాటుతుంది. సెషన్ ప్రాపర్టీలలో 24 బిట్లకు మారితే 8 గంటలు దాటే వరకు వస్తుంది. ఫైలు రకాన్ని ఆర్‌ఎఫ్64గా పెడితే హద్దు గొడవే ఉండదు. ఈ మార్పు నాటకానికి ముందే చేయాలి. కరెంటు పోయే రోజుల్లో లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉన్నా ఇంటర్‌ఫేస్‌కు ఉండదు కనుక, యూఎస్‌బీ ద్వారానే కరెంటు తీసుకునే ఇంటర్‌ఫేస్ పల్లెల్లో పనికి అనువైనది. రికార్డింగ్ మధ్యలో లాప్‌టాపే ఆగిపోతే, మళ్లీ సెషన్ తెరిచినప్పుడు అప్పటివరకు పడిన శబ్దాన్ని తిరిగి తీసుకురమ్మంటారా అని ఆర్డోర్ అడుగుతుంది. హడావిడిలో వద్దని నొక్కకండి.

అంతా అయ్యాక డిస్కు నిండింది కదా అని, వాడని ఫైళ్లను శుభ్రం చేసే ఆదేశం జోలికి వెంటనే వెళ్లవద్దు. నాన్-లేయర్డ్‌లో తొలగిపోయిన టేకులు, అన్‌డూతో తిరిగి రావలసినవి అన్నీ ఆ ఫైళ్లలోనే ఉంటాయి. ఆర్డోర్ వాటిని ముందు వేరే ఫోల్డర్‌లోకి మాత్రమే తరలిస్తుంది, చెత్తబుట్టను కూడా ఖాళీ చేస్తే ఇక ఉండవు. ఎడిట్ చేసిన పాటను పాడినవారికి వారి ఇంట్లోనే వినిపించి, "ఆ రెండో చరణం మొదటిసారి పాడిందే పెట్టండి" అని వారు అడగరని రూఢి అయ్యేవరకు ఆ ఫైళ్లను ఉండనివ్వండి.